అరకు ఘాట్‌లో రెండు ఆదివారాలు

డముకు వ్యూపాయింటు ఇంకా రెండు మూడు మలుపుల దూరంలో ఉందనగా, నెత్తిన కట్టెలమోపుతో నడుస్తున్న ఒక నడివయసు గిరిజన స్త్రీ నాకు జతగా వచ్చింది. జతగా వచ్చిందనడం కూడా సరికాదు. ఆమె తన నడక తాను నడుస్తోంది, నేనే ఆమెను దాటలేకపోతున్నాను. హ్యాండిల్ మీది చిన్న కంప్యూటర్ గంటకు 5 కిలోమీటర్ల వేగం చూపిస్తోంది, పెడల్ ఒక చుట్టు తిరగడానికి దాదాపు రెండు సెకన్లు పడుతోంది, ఒక్కో చుట్టుకీ ముందు చక్రం కుడికీ ఎడమకీ వంకర్లు పోతోంది. ఆమె నన్నూ సైకిలునూ ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, అంత ఆయాసం దేనికి, దిగి నడిసెల్లిపోరాదా" అంది. ఆ మాటలో వెటకారమేమీ లేదు, నిజంగానే జాలిపడింది. జవాబు చెప్పడానికి ఊపిరి చాలక తల మాత్రం ఊపాను. మరుసటి మలుపులో ఆమె చెప్పినట్టే దిగి నడిచాను కూడా.

అది మా విశాఖ వైపు సైకిలు మిత్రులు కొందరు కలిసి పెట్టుకున్న చిన్న పోటీ. శృంగవరపుకోటలో, అంటే మేమందరం ఎస్.కోట అని పిలిచే ఊళ్లో, నవంబరు ఆదివారం ఉదయం ఆరింటికి బయలుదేరి, ఘాట్ రోడ్డు మీదుగా అరకు వరకు సుమారు 60 కిలోమీటర్లు తొక్కాలి. మొదట బొడ్డవర మీదుగా మైదానం, కాశీపట్నం దాటాక కొండ, టైడా, డముకు, అనంతగిరి, ఆపైన ఆ దారిలోకెల్లా ఎత్తయిన గాలికొండ, అక్కడినుంచి సుంకరమెట్ట కాఫీతోటల మధ్యగా దిగుడు, చివర అరకు లోయ. ఈ కొండల్లోనే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీద ఉన్న సిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉండి, ఒకప్పుడు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదని పేరు తెచ్చుకుంది. రైలైతే సొరంగాల్లో దూరి అవతలికి పోతుంది; రోడ్డు మీద వెళ్లేవాడికి ఆ వెసులుబాటు లేదు, కొండ ఎంత ఉంటే అంతా ఎక్కాల్సిందే.

నాకప్పుడు నలభై ఒకటో ఏడు. బ్యాంకు ఉద్యోగం, 74 కిలోల బరువు, మూడేళ్లుగా వారానికి నాలుగు రోజులు బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి వచ్చే అలవాటు. ఆ అలవాటే నన్ను మోసం చేసింది. సముద్రం పక్కన చదునైన రోడ్డు మీద గంటకు 32 కిలోమీటర్ల వేగంతో పోగలిగినవాడు తనను తాను గట్టివాడినని అనుకుంటాడు. చదునులో పోరాటమంతా గాలితోనే గనుక తన బరువు ఎంతో, తన గేర్లు ఎలాంటివో అతనికి పెద్దగా తెలిసిరాదు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పులన్నిటిలోకీ పెద్దది కొండ మీద జరిగింది కాదు, కొండ కనబడకముందే జరిగింది. జెండా ఊపగానే ముప్పైమంది గుంపు ఒక్కసారిగా దూకింది. ముందున్న అయిదారుగురు పాతికేళ్ల కుర్రాళ్లు, వాళ్ల వెనకనే ఉండి ఉంటే గాలి వాళ్లే కోసిపెట్టేవారు, నా శ్రమలో నాలుగో వంతుకు పైనే మిగిలేది. కానీ పోటీ అన్న మాట వినగానే మనిషికి ఏదో పూనుతుంది. వాళ్ల వెనక దాక్కోవడం చిన్నతనమనిపించి రెండు మూడుసార్లు నేనే ముందుకు వెళ్లి గాలికి ఎదురు నిలిచాను. ఆ 13 కిలోమీటర్లలో వేగం 36కు తగ్గలేదు, ఛాతీకి కట్టుకున్న పట్టీ గుండె నిమిషానికి 172 సార్లు కొట్టుకుంటోందని చెబుతోంది. నేను గంటసేపు భరించగలిగింది 165 మాత్రమేనని తెలిసి కూడా, ఉత్సాహంలో అదే మామూలుగా మారుతుందిలే అనుకున్నాను.

తర్వాత ఇంట్లో కాగితం మీద లెక్క వేసి చూసినప్పుడు నవ్వొచ్చింది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది గనుక, 32తో పోయేవాడు 36తో పోవాలంటే గాలి ఖాతాలోనే నలభై శాతం పైచిలుకు అదనంగా ఖర్చు పెట్టాలి. దానికి బదులుగా ఆ 13 కిలోమీటర్లలో నాకు మిగిలినది మూడు నిమిషాలకు కూడా తక్కువ. ఆ మూడు నిమిషాలూ డముకు మలుపుల దగ్గర కట్టెలమోపు పక్కన నడుస్తూ ఎన్ని రెట్లుగా తీర్చానో చెప్పనక్కరలేదు. కొండ మీద ఈ లెక్క తలకిందులవుతుంది. గంటకు 8, 10 కిలోమీటర్ల వేగంలో గాలి అడ్డు నామమాత్రమే కాబట్టి ఒకరి వెనక ఒకరు దాక్కున్నా ఒరిగేదేమీ ఉండదు, ఎవరి బరువు వాళ్లు మోసుకుపోవాలి. సహాయం దొరికే చోట వద్దనుకుని, దొరకని చోట దాని కోసం వెతుక్కున్నాను.

రెండో తప్పు గేర్లది. నా సైకిలుకు ముందు చిన్న పళ్లచక్రం 34 పళ్లది, వెనక క్యాసెట్‌లో, అంటే పళ్లచక్రాల దొంతరలో, అన్నిటికంటే పెద్దది 28 పళ్లది. బీచ్ రోడ్డుకు అది ఎక్కువే, కైలాసగిరి ఎక్కడానికీ సరిపోయేది. కానీ 8 శాతం వాలున్న చోట సైకిలు, నీళ్లు, సామాను కలిపి 86 కిలోలను గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పైకి నెట్టాలంటే 200 వాట్లకు పైనే కావాలి, నేను గంటసేపు నిలకడగా ఇవ్వగలిగిన శక్తి మొత్తం అంతే. అంటే తాజాగా ఉన్నప్పుడు మాత్రమే ఆ వేగం నాకు అందుతుంది, అలసిపోయాక 7కు పడిపోతుంది. ఆ 7లో 34, 28 పళ్ల జోడీతో పెడల్ నిమిషానికి 46 చుట్లే తిరుగుతుంది. అంత నెమ్మదిగా, అంత బరువుగా తొక్కితే పని ఊపిరితిత్తుల నుంచి తొడల మీదకు మారిపోతుంది. ఊపిరి రెండు నిమిషాల్లో తిరిగి వస్తుంది గానీ, బిగుసుకుపోయిన తొడ ఆ పూటకు తిరిగి రాదు. వెనక 34 పళ్ల చక్రం ఉండి ఉంటే అదే వేగానికి 55 చుట్లు తిరిగేవి. తొమ్మిదే తేడా అనిపిస్తుంది గానీ, నడవడానికీ తొక్కడానికీ మధ్య ఉన్న తేడా ఆ తొమ్మిదే.

ఇక తిండీ నీళ్లూ. తెల్లవారుజామున నాలుగున్నరకు రెండు ఇడ్లీలు తిన్నాను, దారిలో ఒక్క అరటిపండు. మన ఒంట్లో నిలవుండే పిండిపదార్థం నాలుగైదు వందల గ్రాములు, గట్టిగా తొక్కితే రెండు గంటల్లో అడుగంటుతుంది. అది అయిపోయినప్పుడు కలిగేది ఆకలి కాదు. కళ్ల ముందు రోడ్డు కాస్త దూరం జరిగినట్టుంటుంది, మలుపు దగ్గర ఏ గేరులో ఉన్నానో గుర్తుండదు, చిన్నదానికే ఏడుపు వస్తుంది. బరువు తగ్గుతుందని రెండో నీళ్ల సీసాను ఎస్.కోటలో స్నేహితుడి కారులోనే వదిలేశాను. అనంతగిరిలో నీళ్లు పెడతామన్న నిర్వాహకులు పెట్టారు కూడా, కాకపోతే నేను చేరేసరికి క్యాన్లు బోర్లించి ఉన్నాయి. వెనకబడ్డవాళ్లకే నీళ్ల అవసరం ఎక్కువని వాళ్లకు తట్టకపోవడం మీద ఆ రోజు చాలా కోపం వచ్చింది, ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా ముప్పావు కిలో నీళ్లను బరువనుకుని దింపేసినవాడిని నేనే.

ఆ ఏడాది 3 గంటల 38 నిమిషాలకు అరకు చేరాను. అప్పటికే కాఫీ తాగి, కాళ్లు చాపుకుని, షామియానా కింద కూర్చున్న ఒక పెద్దాయన నాకు కుర్చీ జరిపారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, అరవై రెండేళ్లు, సన్నగా చింతబరికెలా ఉంటారు. మేమంతా గురూగారు అంటాం. మైదానంలో ఆయన్ని నేను ఎక్కడ దాటానో కూడా గుర్తులేదు, టైడా దగ్గర ఆయన నన్ను దాటడం మాత్రం బాగా గుర్తుంది: తల వంచుకుని, చేతులు హ్యాండిల్ పైభాగాన వదులుగా ఆనించి, ఎవరితోనూ పనిలేనట్టు, చైను చప్పుడు కూడా వినబడకుండా పోయారు. "బొడ్డవర దాకా నువ్వు బలే తొక్కేవు బాబూ" అన్నారు. అది మెచ్చుకోలు కాదని అర్థం కావడానికి నాకు ఒక కాఫీ పట్టింది.

మరుసటి జనవరి నుంచి ఆయన వెంట సింహాచలం కొండకు వెళ్లడం మొదలుపెట్టాను. భక్తుల వాహనాలు మొదలుకాకముందే, తెల్లవారుజామున అయిదింటికి, ఘాట్ రోడ్డు మొదట్లో కలుసుకునేవాళ్లం. ఒకసారి ఎక్కి దిగడం గొప్ప కాదు, నేను అంతకుముందు ఎన్నోసార్లు చేశాను. ఆయన పెట్టిన నియమం వేరు. మూడుసార్లు ఎక్కాలి, మూడోసారి మొదటిదానికంటే నిమిషం కూడా ఎక్కువ పట్టకూడదు. మొదటి నెలంతా నావల్ల కాలేదు. మొదటిసారి తొందరపడి ఎక్కితే మూడోసారి నిమిషాలకు నిమిషాలు ఎక్కువయ్యేవి. మార్చి నాటికి నాకు అర్థమైంది ఏమిటంటే, మొదటిసారి ఎక్కేటప్పుడు 'ఇంత తేలికా, కాస్త పెంచవచ్చు కదా' అని విసుగు పుట్టాలి; ఆ విసుగే సరైన వేగానికి గుర్తు. మాట్లాడుతూ ఎక్కగలగాలి, అయితే పొడుగు వాక్యాలు కాదు, నాలుగైదు మాటల ముక్కలు. గురూగారు మధ్యమధ్య ఏదో ఒకటి అడిగేవారు, మా అమ్మాయి చదువనో, బ్యాంకులో వడ్డీలనో. నేను ఒక్క మాటలో జవాబిస్తే "తగ్గించు" అనేవారు. గుండె పట్టీ కంటే ఆ పద్ధతి నాకు ఎక్కువ ఉపయోగపడింది.

టీవీలో టూర్ డి ఫ్రాన్స్ చూసి నేర్చుకున్న అలవాట్లను కూడా ఆ కొండ మీదే వదిలించుకున్నాను. అక్కడి ఆల్ప్ డ్యూఎజ్ కొండ 21 మలుపుల్లో వాళ్లు సీటు మీంచి లేచి, సైకిలును అటూ ఇటూ ఊపుతూ ఒక్క ఉదుటున ముందుకు పోవడం చూడముచ్చటగా ఉంటుంది, కానీ వాళ్లు కిలో బరువుకు 6 వాట్ల దగ్గర తొక్కే మనుషులు, నేను మూడైనా లేనివాణ్ణి. నేను లేచి తొక్కితే ఇరవై సెకన్లు బాగుంటుంది, తర్వాత రెండు నిమిషాలు దానికి వడ్డీ కట్టాలి. అందుకని కూర్చునే తొక్కడం, నడుము పట్టేసినప్పుడు మాత్రం పది చుట్ల కోసం లేవడం అలవాటు చేసుకున్నాను. హెయిర్‌పిన్ మలుపు లోపలి అంచున వాలు గోడలా ఉంటుంది, బయటి అంచున నాలుగడుగులు దూరం పెరిగినా వాలు సగమవుతుంది. ఎదురుగా బండి లేకపోతే మన ఎడమ వైపునే ఉంటూ వీలైనంత బయటి దారి పట్టాలి. ఎడమకు తిరిగే మలుపుల్లో మాత్రం ఆ వెసులుబాటు తక్కువ, అక్కడ ముందే గేరు మార్చుకుని ఓర్చుకోవడమే.

తిండి విషయంలో పొరపాట్లు చేసి నేర్చుకున్నాను. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలన్నది లెక్క. మామూలు పంచదారలో గ్లూకోజు, ఫ్రక్టోజు సగం సగం ఉంటాయి, ఆ రెంటినీ పేగులు వేరువేరు దారుల్లో పీల్చుకుంటాయి, కాబట్టి ఖరీదైన పొట్లాలు కొనకుండా సీసాలో పంచదార, నిమ్మరసం, ఉప్పు కలుపుకుంటే చాలు. వేరుశనగ చిక్కీని ముక్కలు చేసి జేబులో వేసుకోవడం నా సొంత తెలివి. నోరంతా తెరిచి ఊపిరి పీలుస్తున్నవాడు చిక్కీ నమలలేడు, ముక్క గొంతుకు అడ్డం పడి సింహాచలం రెండో మలుపులో సైకిలు దిగి దగ్గుతూ కూర్చున్నాను. గింజ తీసిన ఖర్జూరం బుగ్గన పెట్టుకుంటే దానంతటదే కరుగుతుంది. అప్పటినుంచి అదే.

రెండో ఏడాది మళ్లీ అదే నవంబరు, అదే ఎస్.కోట. బరువు 70కి దిగింది. టైర్లు 25 నుంచి 28 మిల్లీమీటర్ల వెడల్పువి వేయించి, 110 పీఎస్‌ఐ గాలిని 80కి తగ్గించాను. వానలు వెళ్లిన కొత్తలో ఘాట్ రోడ్డు గోతులకు రాయిలా బిగిసిన టైరు మనిషిని ఎగరేస్తుందే తప్ప వేగాన్నివ్వదు. వెనక 34 పళ్ల క్యాసెట్ కొన్నాను. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప: ఆ క్యాసెట్ ఆలస్యంగా వచ్చింది, పోటీ ముందురోజు సాయంత్రం ఒక దుకాణంలో వేయించాను. మెకానిక్ సైకిలును స్టాండుకు తగిలించి గేర్లన్నీ రెండుసార్లు తిప్పి చూపించాడు, చక్కగా పడ్డాయి. స్టాండు మీద చైను మీద బరువు ఉండదన్నది అప్పుడు నాకు తట్టలేదు.

ఈసారి జెండా ఊపాక గుంపులో ఇరవయ్యో స్థానంలో, గురూగారి వెనక చక్రానికి మూరెడు దూరంలో సర్దుకున్నాను. ముందువాళ్లు దూకారు, మధ్యలో ఖాళీ వచ్చింది, ఆ ఖాళీని పూడ్చాలని కాళ్లు లాగాయి. గురూగారు కదల్లేదు, నేనూ కదల్లేదు. అవతలి గుంపు మలుపు తిరిగి కనబడకుండా పోయినప్పుడు పడిన బాధ ఆ రోజంతటిలో పడిన బాధల్లోకెల్లా పెద్దది, అతిశయోక్తి కాదు. గుండె 150 దాటలేదు. కాశీపట్నం దాటి కొండ మొదలైన పావుగంటకు, ముందు దూకినవాళ్లలో మొదటివాడు కనిపించాడు, పోయినేడు నేను వేసిన వంకర్లే వేస్తూ. ఆ తర్వాత మలుపుకొకరు చొప్పున దొరికారు. ఎవరినీ దాటడానికి నేను వేగం పెంచలేదు.

డముకు ముందు మలుపులో, వాలు ఎక్కువైన చోట, చిట్టచివరి గేరులోకి నొక్కాను. 'కడక్' మని చైను 34 పళ్ల చక్రాన్ని కూడా దాటి అవతలికి, చక్రానికీ చువ్వలకూ మధ్య సందులోకి దిగింది. పెడల్ రాయిలా ఆగిపోయింది. పెడల్‌కు బిగించుకున్న బూటు లాగేలోపే సైకిలు వాలింది, మోచెయ్యి గీరుకుపోయింది. బలం వేసి తొక్కి ఉంటే చువ్వలు తెగి, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డిరైలర్ విరిగి, ఆ రోజుకు ఆట ముగిసేదే; వేగం తక్కువగా ఉండటమే కాపాడింది. చక్రం విప్పి, గ్రీజు వేళ్లతో చైనును పీకి, మళ్లీ బిగించేసరికి అయిదు నిమిషాలు పోయాయి. గురూగారు ఆగి చూశారు, పర్వాలేదన్నాను, వెళ్లిపోయారు. అక్కడినుంచి ఆ చివరి గేరు జోలికి పోకుండా దానికి ముందుదానితోనే ఎక్కాను, అది 30 పళ్లది. నెలల తరబడి నేను ఆశపడ్డ 34 పళ్లు ఆ రోజు నాకు అలంకారంగానే మిగిలాయి. అయినా దిగి నడవలేదు, అక్కడే సింహాచలం మూడో ఎక్కుడు పనికొచ్చింది.

అనంతగిరిలో ఈసారి నీళ్లున్నాయి, నాకు అవసరం పడలేదు. గాలికొండ చేరేసరికి రోడ్డు మీద తెల్లగా పొగమంచు, కొండ అంచు ఎక్కడో తెలియడం లేదు, యాత్రికుల బస్సులు పగలే లైట్లు వేసుకుని వస్తున్నాయి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎస్.కోటలో చెమటతో తడిసిన చొక్కాతో పైకి వచ్చి, అలాగే దిగుడు మొదలుపెడితే పది నిమిషాల్లో వణుకు పుట్టి బ్రేకు లీవర్ మీద వేళ్లు మాట వినవు. మొదటి ఏడాది నాకు జరిగింది అదే. ఈసారి ఆరోజు దినపత్రిక ఒకటి మడిచి వీపు జేబులో పెట్టుకుని, గాలికొండ మీద చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా దోపుకున్నాను. పాతకాలపు చిట్కా, గురూగారు చెప్పిందే. అరకులో బయటికి తీస్తే మొదటి పేజీ సిరా నా ఛాతీ మీద అచ్చయింది.

దిగేటప్పుడు బస్సుకు ఇంజను బ్రేకు ఉంటుంది, సైకిలుకు ఉండదు. మొదటి ఏడాది దిగుడంతా బ్రేకు నొక్కి పట్టుకునే దిగాను. రిమ్ములు కాలిపోయాయి, ముంజేతులు తిమ్మిరెక్కాయి, అయినా మలుపులో వేగం ఎక్కువే. ఈసారి మలుపుకు ముందు రోడ్డు తిన్నగా ఉన్నచోటే గట్టిగా బ్రేకు వేసి, మలుపులోకి వెళ్లాక వదిలేసి, బయటి కాలు కిందికి దించి, కళ్లు మలుపు చివర మీద పెట్టాను. సుంకరమెట్ట దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో రాలిన ఆకులు తడిసి సబ్బులా ఉంటాయి, అక్కడ మాత్రం ఎవరు దాటిపోయినా పట్టించుకోలేదు. రోడ్డు మూసిన పోటీ కాదిది, ఎదురుగా ఏ జీపు వస్తుందో తెలియదు. ముగ్గురు నన్ను దాటారు. వాళ్లలో ఇద్దరిని లోయలోకి దిగాక వచ్చే చిన్న చిన్న ఎత్తుల్లో, వలిసె పూల పసుపు మధ్య, మళ్లీ పట్టుకున్నాను.

మొత్తం 3 గంటల 4 నిమిషాలు. చైను దగ్గర పోయిన అయిదూ తీసేస్తే మూడు గంటల లోపే అని నేను లెక్క మొదలుపెట్టబోతుండగా గురూగారు కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఆ క్యాసెట్ ఎప్పుడు వేయించేవు?" అని అడిగారు.

"నిన్న సాయంత్రం, గురూగారూ."

ఆయన ఏమీ అనలేదు. నా సైకిలు వెనక చక్రాన్ని నేల మీంచి లేపి పట్టుకోమన్నారు, పెడల్ తిప్పుతూ డిరైలర్‌ను బొటనవేలితో లోపలికి గట్టిగా తోశారు. చైను మళ్లీ పెద్ద చక్రం అంచు దాటి చువ్వల వైపు ఒరిగింది. తాళాల గుత్తికున్న చిన్న స్క్రూడ్రైవరుతో అక్కడి స్క్రూను అరచుట్టు బిగించి, మళ్లీ తోశారు. ఈసారి చైను కదల్లేదు.

"వచ్చే ఆదివారం సింహాచలం. అయిదింటికి," అని గుత్తి జేబులో వేసుకున్నారు.